పెరుగుదల హద్దు మీరినచో

(హయత్‌నగర్‌లో జరిగిన చుట్టుపట్ల గ్రామపంచాయతీల సభ్యుల సమావేశమునందు ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేను ఇట్టి సభలకు వచ్చినప్పుడు సాధారణముగా విత్తనములను గూర్చియో, టీకాలను గూర్చియో, ఏదేని క్రొత్త పథకమును గూర్చియో మాటలాడుదును. మీరును ఓపికతో విని, చివరకు వీధిదీపముల సంగతి అడుగుదురు. ఈ దినమున మాత్రము శనగగింజంత పరిమాణముగల ఒక గ్రంథిని గూర్చి మాటలాడ వచ్చితిని. అంత చిన్న వస్తువును గూర్చి పంచాయతీ సభ్యులకు చెప్పనేల యని మీరు అడుగవచ్చును. దానికి సమాధానముగా నా స్వానుభవమునే మొదట విన్నవించెదను.

కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమున సభకు వెళ్ళియుంటిని. సభ ముగిసిన పిదప నలువది యేండ్ల ప్రాయముగల ఒక పశువుల కాపరి, ఏదో అర్జీపై సంతకము చేయుటకు నా బల్లయొద్దకు వచ్చెను. అతని చేయి కాగితమును దాదాపు కప్పివేసినది. వ్రేళ్ళు అరటిపండ్లవలె నున్నవి. ఒక వ్రేలిపై ఉంగరపు గుర్తు కలదు గాని ఉంగరము లేదు. అడుగగా అతడు నవ్వుచు, "పెండ్లినాటి ఉంగరం సారూ. రెండుమాట్ల సాగదీపిచ్చిన. మూడోమాటు ఇగ ఎండి సాలదన్నడు అవుసులాయన" అనెను. ప్రక్కనున్నవారు "మా ఊరి భీముడు సార్" అని పరిహాసమాడిరి. అందరితోబాటు నేనును నవ్వితిని. చెప్పుల కొలత ఏటేట పెరుగుచున్నదనియు, అతని గురకకు ఇంటిలో ఎవరికిని నిద్రలేదనియు కూడ అప్పుడే చెప్పిరి. అదియును మాకు నవ్వులాటగనే తోచినది.

రెండేండ్ల తరువాత ఆ గ్రామము మీదుగా పోవుచు అతని సంగతి విచారించితిని. బాట దాటుచుండగా ప్రక్కనుండి వచ్చిన మోటారు సైకిలు అతనికి కనబడలేదట. కాలు విరిగినది. ఆసుపత్రిలో కట్టు కట్టిన వైద్యుడు కాలికంటె ఎక్కువగా అతని ముఖమును చూచి, "నీ పాత ఫొటో ఏమైనా ఉన్నదా?" అని అడిగెనట. భార్య సంచిలోనుండి ఓటరు గుర్తింపు కార్డు తీసి యిచ్చెను. ఆ ఫొటోలోని మనిషికిని మంచముపైనున్న మనిషికిని అన్నదమ్ముల పోలికయే గాని ఒకడే యని చెప్పుటకు వీలులేకుండెను. పెరుగుదల హార్మోను మితిమీరుటవలన కలిగిన వ్యాధి యని పరీక్షలలో తేలినది. ఎంతకాలమునుండి అని విచారింపగా, ఉంగరము మొదటిసారి సాగదీయించిన నాటికి తొమ్మిదేండ్లు గడచినవట.

ఆ తొమ్మిదేండ్లలో అతనిని ప్రతిదినము చూచినవారు గ్రామమంతయు నుండిరి. చూచి నవ్వినవారిలో నేనొకడను. అందుచేతనే ఈ విషయమును మీ యెదుట పెట్టుచున్నాను.

ఇక ఆ గ్రంథి సంగతి. మన మెదడు అడుగున, ముక్కు మూలమునకు వెనుకభాగమున, ఎముకలో గుఱ్ఱపు జీనువంటి ఒక చిన్న గుంట కలదు. అందులో కూర్చున్న గ్రంథికి పిట్యూటరీ అని పేరు. పాఠ్యపుస్తకములలో పీయూష గ్రంథి యందురు. దాని తూకము అరగ్రాము మాత్రమే. అయినను శరీరములోని అనేక ఇతర గ్రంథులు దాని యాజ్ఞకు లోబడి పనిచేయును. అది పుట్టించు రసములలో ఒకటి పెరుగుదల హార్మోను. ఇది ముఖ్యముగా రాత్రివేళ గాఢనిద్రలో రక్తములోనికి ఊరును. నిద్రించు పిల్లలే పెరుగుదురని మన ముసలమ్మలు చెప్పుమాట ఈ విధముగా చూచినచో వట్టిది కాదు. ఈ హార్మోను కాలేయమునకు చేరి అచ్చట ఐ.జి.ఎఫ్.-1 అను మఱియొక పదార్థమును తయారుచేయించును. ఎముకలను, కండరములను, లోపలి అవయవములను పెంచు పని చాలవఱకు ఈ రెండవ పదార్థముద్వారా జరుగును.

ఎముక పొడవు పెరుగుట యెట్లు? చేతుల, కాళ్ళ పొడుగాటి ఎముకల చివరలయందు పిల్లలకు మెత్తని మృదులాస్థి పలక యుండును. మేస్త్రీ గోడపై వరుసమీద వరుస ఇటుకలు పేర్చినట్లు, ఆ పలకయొద్ద క్రొత్త ఎముక చేరుచుండును. యౌవనము పూర్తియగుసరికి ఆ పలకలు గట్టిపడి మూతపడును. గోడమీద కప్పు పడినట్లే. అటుపిమ్మట ఎత్తు పెరుగుట లేదు.

పిట్యూటరీలో ఒక చిన్న కణితి పుట్టి హార్మోనును అదుపులేకుండ కార్చుచున్నదనుకొనుడు. దాదాపు అన్నిసార్లును ఇది క్యాన్సరు కాదు. మెల్లగా పెరుగు సాధారణపు గడ్డ. కప్పు పడకమునుపే, అనగా బాల్యమున ఇట్లు జరిగినచో గోడ ఆకాశమునకు ఎగబ్రాకును. బిడ్డ తోటివారిని, తలిదండ్రులను మించి అసాధారణమైన ఎత్తు పెరుగును. దీనిని జైగాంటిజం, అనగా అతికాయత, అందురు. కప్పు పడిన తరువాత జరిగినచో ఎత్తు పెరుగదు గాని, గోడకు పూతమీద పూత వేసినట్లు ఎముకలు లావగును. చేతులు, పాదములు, దవడ, నుదుటి ఎముక విస్తరించును. దీనికి 1886లో పియరీ మారీ అను ఫ్రెంచి వైద్యుడు ఎక్రోమెగలి అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో అవయవముల చివరలు పెద్దవగుట యని దాని యర్థము. వ్యాధి రెండుచోట్లను ఒకటే. వచ్చిన వయస్సునుబట్టి రూపము మారినది.

మన భాషలో ఆజానుబాహువు అనుట పొగడ్త. పొడుగు, పెద్ద చేతులు, విశాలమైన వక్షము వీరలక్షణములుగా ఎంచుట మనకు అలవాటు. ఆరోగ్యముగా పొడుగైనవారు ఎందరో కలరు. వారిని చూచి ఎవరును అనుమానపడ నక్కఱలేదు. కాని వ్యాధివలన పెరిగిన శరీరమును లోకము ఎట్లు చూచినదో తెలుపు ఉదంతములు రెండు చెప్పెదను.

ఐర్లండు దేశమున చార్లెస్ బర్న్ అను యువకుడుండెను. ఎత్తు 7 అడుగుల 7 అంగుళములు. లండను నగరమున టిక్కెట్టు పెట్టి అతనిని చూపించిరి. 1783లో ఇరువదిరెండేండ్లకే మరణించెను. తన శరీరమును వైద్యులు కోయుదురేమోనని భయపడి, సముద్రములో ముంచి వేయుడని స్నేహితులను కోరియుండెను. ఆ కోరిక నెరవేరలేదు. జాన్ హంటర్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు సొమ్ము చెల్లించి కళేబరమును సంపాదించి, అస్థిపంజరమును తన ప్రదర్శనశాలలో నిలిపెను. 1909లో హార్వే కుషింగ్ అను అమెరికన్ వైద్యుడు ఆ పుఱ్ఱెను తెఱపించి చూడగా, పిట్యూటరీ కూర్చుండు గుంట మిక్కిలి పెద్దదై కనబడెను. తిరిగి 2011లో ఆ పంటినుండి తీసిన జన్యుపదార్థమును పరీక్షించి, ఎ.ఐ.పి. అను జన్యువులో లోపమున్నదని కనుగొనిరి. అదే లోపము ఉత్తర ఐర్లండులో నేటికిని కొన్ని కుటుంబములలో కలదు. అట్టి కుటుంబములవారిని ముందుగా పరీక్షించుటకు ఈ సంగతి ఉపయోగపడుచున్నది. 2023లో ఆ ప్రదర్శనశాలను మరల తెఱచినప్పుడు ఆ అస్థిపంజరమును ప్రజల చూపునుండి తొలగించిరి. చనిపోయిన వానిమాట మన్నించుటకు 240 ఏండ్లు పట్టినది. అదియును సగమే, ఏలయన ఎముకలు ఇంకను ఆ సంస్థయొద్దనే యున్నవి.

రెండవవాడు రాబర్ట్ వాడ్లో. 1918లో అమెరికాలో జన్మించెను. చరిత్రలో నమ్మదగిన కొలతలు గలవారిలో ఇతనికంటె ఎత్తరి లేడు: 8 అడుగుల 11 అంగుళములు. అంత శరీరమును మోయలేక కాళ్ళకు ఇనుప కట్లు కట్టుకొని నడచెడివాడు. పాదములలో స్పర్శ సరిగా లేదు. 1940లో ఆ ఇనుప కట్టు ఒరసి చీలమండయొద్ద బొబ్బ లేచినది, అతనికి తెలియలేదు. అది చీముపట్టి ఇరువదిరెండేండ్లకే ప్రాణము తీసినది. అంతటి మనిషిని చంపినది ఒక బొబ్బ యని మీరు గమనింపగోరుదును. ఆకారమును చూచి బలమును అంచనా వేయుట ఎంత పొరపాటో!

మన గ్రామములలో పిల్లలకంటె పెద్దలకు వచ్చు రూపమే ఎక్కువగా ఎదురగును. ఎక్కువ యనగా మిక్కిలి ఎక్కువ కాదు. వేర్వేరు దేశముల లెక్కలనుబట్టి లక్షమంది జనాభాలో సుమారు 3 నుండి 14 మంది వరకు ఈ రోగులు కలరు. ఒక మండలమునకు ఒకరో యిద్దరో, కొన్నిటికి ఎవరును లేకపోవచ్చును. అరుదైనది గనుకనే గుర్తింపబడదు. వ్యాధి మొదలైననాటినుండి పేరు తెలియువఱకు సగటున ఐదు నుండి పదేండ్లు జరిగిపోవుచున్నవి.

ఆ కాలములో శరీరమున జరుగునదేమి? ఎముకల సంగతి ముందు చెప్పెదను. క్రిందిదవడ ముందుకు సాగును. పండ్లమధ్య సందులు పడును. కనుబొమలమీది ఎముక ఉబ్బును, ముక్కు వెడల్పగును, పెదవులు దళసరియగును. కీళ్ళలోని మృదులాస్థి మొదట మందమగును. పిదప పగిలి అరిగిపోవును. మోకాళ్ళు, తుంటి, నడుము నొప్పి పెట్టును. వెన్నెముక వంగును. లావైన ఎముక గట్టి ఎముక యని తలంపరాదు. ఈ రోగులకు వెన్నుపూసలు ఇతరులకంటె తేలికగా విరుగునని తేలియున్నది. మణికట్టులో నరము నొక్కుకొని వ్రేళ్ళు తిమ్మిరెక్కును.

కీళ్ళనొప్పులు, వంగిన వెన్ను అనగానే ఈ విజయవాడ బాటవెంట నివసించు మనకు ఫ్లోరైడు జ్ఞప్తికి వచ్చుట సహజము. నల్గొండ ప్రాంతపు బాధ మీకు చెప్పవలసినది కాదు. ఫ్లోరైడును తొలగించుటకు పటికను, సున్నమును వాడు పద్ధతికి ఆ జిల్లా పేరే వచ్చినది. మన దేశమున ఆ వ్యాధిని మొట్టమొదట గుర్తించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. ఆ వ్యాధికిని దీనికిని భేదము మీరు తెలిసికొనవలెను. ఫ్లోరైడు నీటినుండి వచ్చును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించినచో ఆ నీరు త్రాగువారందరికిని ముప్పు. ఒక వాడలో పలువురికి పండ్లపై గారలు, బిగుసుకొనిన కీళ్ళు కనబడును. పెరుగుదల హార్మోను వ్యాధి నీటివలన రాదు, ఆహారమువలన రాదు, అంటుకొనదు. అదే బావి నీరు త్రాగిన పదిమందిలో ఒక్కనికే వచ్చును. ఫ్లోరైడు చేతులను పెంచదు, చెప్పుల కొలత మార్చదు. కావున ఫ్లోరైడు ప్రాంతమని చెప్పి ప్రతి కీలునొప్పిని ఆ ఖాతాలో వ్రాసివేయరాదు.

కనబడని హాని కనబడుదానికంటె పెద్దది. అందు మొదట చెప్పవలసినది గుండె. హార్మోను ఎక్కువైనచో గుండెకండరము దళసరియగును. దళసరి గుండె బలమైన గుండె గదా యందురేమో. గోడలు మందమైన గదిలో చోటు తగ్గినట్లే, ఆ గుండె సరిగా సడలి రక్తమును నింపుకొనలేదు. కాలక్రమమున అలసి విఫలమగును. రక్తపుపోటు తోడైనచో ఇది త్వరితమగును. చికిత్స లేని రోగులలో అకాలమరణములకు గుండెజబ్బులే చిరకాలము ప్రధానకారణముగా నుండెను. ఈ హార్మోను ఇన్సులిను పనికి అడ్డుపడును గనుక మధుమేహము వచ్చును. ఎన్ని మాత్రలు మ్రింగినను చక్కెర అదుపులోనికి రాని రోగులలో ఇట్టివారు కొందరు దాగియుందురు.

నాలుక ఉబ్బును. గొంతులోని మెత్తని భాగములు వాచి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చును. నేను నవ్విన ఆ గురక ఇదే. రాత్రియంతయు ఊపిరికొఱకు పెనగులాడిన మనిషి పగలు కునికిపాట్లు పడగా, మనము సోమరి యందుము. కాలేయము, మూత్రపిండములు, కంఠమునందలి థైరాయిడు గ్రంథి పెద్దవగును. పెద్దప్రేగులో చిన్న పిలకలవంటి కాయలు పుట్టవచ్చును. అందుకే ఈ రోగులకు ప్రేగుల పరీక్షయు చేయుదురు. చర్మము దళసరియై జిడ్డుగా నుండును. చలికాలమునను చెమట కారును.

కణితి పెరిగినకొలది చుట్టునున్న వాటిని నొక్కును. తలనొప్పి వచ్చును. పిట్యూటరీకి పైనే కంటి నరములు కలిసి దాటు కూడలి కలదు. అచ్చట ఒత్తిడి పడినచో రెండు ప్రక్కల చూపు మొదట పోవును. ఎదుటనున్నది కనబడును గనుక కన్ను బాగున్నదనియే రోగి తలంచును. ఆ పశువుల కాపరికి మోటారు సైకిలు కనబడకపోవుటకు కారణమిదే.

మహిళా సభ్యులకు ఒక మాట. స్త్రీలలో ఈ వ్యాధివలన నెలసరి తప్పవచ్చును, బిడ్డ లేకయే పాలు రావచ్చును, గొంతు బొంగురు కావచ్చును. ముఖము మోటుబారుట చూచి ఇరుగుపొరుగువారు అనుమాటలవలన అద్దము చూచుటయు, పెండ్లిపేరంటములకు పోవుటయు మానుకొను స్త్రీలు కలరు. ఆమె సిగ్గుతో ఎవరితోను చెప్పదు. గాజుల కొలత రెండుమూడు సైజులు పెరిగినదని మీకు తెలిసినచో అది లావెక్కుటవలననేనా యని ఒక్కమాఱు ఆలోచింపుడు.

గుర్తించుట యెట్లని మీరు అడుగుదురు. మీ చేతిలోనే మంచి సాధనమొకటి కలదు. ఓటరు కార్డుపైన, పాత రేషను కార్డుపైన, పెండ్లి ఆల్బములో పదేండ్లనాటి ఫొటోలు ప్రతి యింటను ఉండును. వయస్సువలన ముడుతలు పడును, జుట్టు నెరయును. దవడయు ముక్కును రూపు మారవు. అట్లు మారినచో, దానితోబాటు ఉంగరము, చెప్పులు పట్టకుండ పోయినచో, అది వైద్యునికి చూపవలసిన సంగతి. పిల్లల విషయమున పాఠశాలలో ఎత్తు కొలుచు అలవాటు మేలైనది. ఒక బిడ్డ తోటివారిని ఏటికేడు మించి దూసుకొని పోవుచున్నచో, తలిదండ్రులు పొడగరులు కానిచో, గర్వపడుటకు ముందు పరీక్ష చేయింపవలెను.

పరీక్ష కష్టమైనది కాదు. రక్తములో ఐ.జి.ఎఫ్.-1 ఎంతయున్నదో వయస్సునకు తగినట్లు పోల్చి చూచెదరు. అవసరమైనచో 75 గ్రాముల గ్లూకోజు నీటిని త్రాగించి మరల రక్తము తీయుదురు. ఆరోగ్యవంతునికి చక్కెర త్రాగినంతనే పెరుగుదల హార్మోను అణగిపోవును; ఈ రోగికి అణగదు. పిదప ఎం.ఆర్.ఐ. ద్వారా కణితిని చూచెదరు.

చికిత్సలో మొదటిది శస్త్రచికిత్స. పుఱ్ఱెను కోయుదురని భయపడి పారిపోవువారు కలరు, కాని ఈ కణితిని సాధారణముగా ముక్కు రంధ్రముగుండా పోయి తీసివేయుదురు. ఒక సెంటీమీటరుకంటె చిన్న కణితి యైనచో, నేర్పరియైన వైద్యుని చేతిలో అధిక సంఖ్యాకులకు వ్యాధి పూర్తిగా అదుపులోనికి వచ్చును. పెద్దదైనచో సుమారు సగముమందికే. తొందరగా గుర్తింపవలెనని నేను పట్టుబట్టుటకు మూలమిదే. శేషించినవారికి నెలకొకసారి వేయు ఇంజెక్షనులు, మాత్రలు, కొందరికి రేడియేషను కలవు. హార్మోను తగ్గిన కొలదినాళ్ళకే చెమట, గురక, ముఖపు వాపు తగ్గును. రక్తపుపోటును చక్కెరయు దిగవచ్చును. గుండె కొంత తేరుకొనును. పెరిగిన ఎముక మాత్రము వెనుకకు రాదు. అరిగిన కీలు అరిగినదే. హార్మోను అదుపులో నున్నవారి ఆయుష్షు ఇతరులతో సమానమగునని నేడు వైద్యులు చెప్పగలుగుచున్నారు.

ఇచ్చట ఒక హెచ్చరిక. నగరము మన గుమ్మములోనికి వచ్చినది. దానితో వ్యాయామశాలలును వచ్చినవి. కండలు పెరుగునని కొందరు యువకులు ఇదే హార్మోనును దొంగచాటుగా ఇంజెక్షను చేసికొనుచున్నారు. హార్మోను నిజముగా తక్కువైన పిల్లలకు వైద్యులు దానిని కొలిచి యిత్తురు, అది వేరు. అక్కఱలేనివాడు చిరకాలము వేసికొన్నచో, ఇంతసేపు నేను వర్ణించిన చేటు డబ్బు పెట్టి కొనుక్కొన్నట్లే.

ఎక్కడికి పోవలెను? మొదట మీ ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునికి పాత ఫొటోతో సహా చూపి, చీటీ వ్రాయించుకొనుడు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రియందును, పంజాగుట్టలోని నిమ్స్ యందును గ్రంథుల వ్యాధులకు ప్రత్యేక విభాగములు కలవు. ఎల్.బి.నగర్ నుండి 2018లో మెట్రోరైలు ప్రారంభమైనది గదా. అదే బండి పంజాగుట్టకు చేర్చును. ఖర్చు విషయమున ఆరోగ్యశ్రీ క్రింద ఏ చికిత్స, ఎంతవఱకు వర్తించునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగనే అడుగుడు. నెలనెలా ఇంజెక్షనుకు పోవలసినవారు కూలి పోవునని రెండవ నెలకే మానివేయుదురు. అట్టివానికి తోడు ఎవరు పోవలెనో, దారిఖర్చు ఎట్లో పంచాయతీలో మాటలాడుకొన్నచో ఆ మందు వ్యర్థము కాదు.

ఆ పశువుల కాపరి సంగతి అడుగుదురని యెఱుగుదును. శస్త్రచికిత్స జరిగినది. గురక తగ్గినదని భార్య చెప్పినది. ప్రక్కచూపు కొంత వచ్చినది, పూర్తిగా రాలేదు. వ్రేళ్ళవాపు తీసినను ఉంగరము పట్టునంత సన్నబడలేదు. మోకాళ్ళనొప్పి అట్లే యున్నది. పశువులను ఇప్పుడు కుమారుడు తోలుకొని పోవుచున్నాడు.

ఇక మీ ప్రశ్నలు అడుగవచ్చును. వీధిదీపముల సంగతి చివర చూచెదము.